గుమాస్తా తాత జవాబులు: కపోన్ కచ్చా చిట్టా

పోయిన నెల ఎవరో చీటీపాట రసీదుల గురించి అడిగితే, మాటల్లో మాటగా ఒక వాక్యం రాశాను. అమెరికాలో ఆల్ కపోన్ అంతటి రౌడీ కూడా చివరికి ఒక గుమాస్తా చేతిరాతకు దొరికిపోయాడని. ఆ ఒక్క వాక్యానికి ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. వడ్డీలు, పాస్‌బుక్కుల ప్రశ్నలన్నీ వచ్చే నెలకు పక్కన పెట్టి ఈసారి వీటికే జవాబులు రాస్తున్నా.

కొత్తగా చదివేవాళ్ల కోసం ఒక మాట. నేను ఆదోనిలో పత్తి కమీషన్ దుకాణంలో ముప్పై ఏడేళ్లు లెక్కలు రాసి, కళ్లద్దాల నంబరు పెరిగాక మానుకున్నవాణ్ణి. చరిత్ర పంతుల్ని కాదు. మనిషి మంచోడా చెడ్డోడా అని అడిగితే నాకు తోచేది ఒకటే: జమ వైపు చూపించు, ఖర్చు వైపు చూపించు అంటాను.

తాతా, ఆల్ కపోన్ పేదలకు అన్నం పెట్టాడని, షికాగో జనం ఆయన్ని దేవుడిలా చూశారని ఫోన్‌లో వీడియోలు వస్తున్నాయి. నిజమేనా? మా హాస్టల్‌లో ఒకడు ఆయన ఫొటో గోడకు అంటించాడు.
– డిగ్రీ విద్యార్థి, ఎమ్మిగనూరు

అన్నం పెట్టిన మాట నిజం నాయనా. 1929 అక్టోబరులో న్యూయార్క్ షేర్ మార్కెట్ కూలిపోయింది. ఏడాది తిరిగేసరికి షికాగోలో పనుల్లేక జనం వీధిన పడ్డారు. 1930 నవంబరులో సౌత్ స్టేట్ స్ట్రీట్‌లో 935 నంబరు దుకాణంలో కపోన్ ఒక గంజికేంద్రం తెరిపించాడు. సూప్, బ్రెడ్, కాఫీ, డోనట్లు, అన్నీ ఉచితం. బయట పెద్ద బోర్డు. థాంక్స్‌గివింగ్ పండగనాడు ఒక్కరోజే 5,000 మందికి పైగా తిన్నారు. టోపీలు పెట్టుకున్న మగవాళ్లు ఆ బోర్డు కింద వరసగా నిలబడ్డ ఫొటో ఒకటుంది. దాన్ని చూస్తే నాకూ మనసు కలుక్కుమంటుంది. మన దగ్గర కరువు ఏళ్లలో గంజికేంద్రాల దగ్గర గిన్నెలు పట్టుకుని నిలబడ్డవాళ్ల కథలు మా అవ్వ చెప్పేది.

ఇంకొకటి కూడా చెప్తారు. 1926 సెప్టెంబరులో సిసెరో అనే శివారు ఊళ్లో, కపోన్ కూర్చున్న హోటల్ మీద పగవాళ్లు కార్లలో వరసగా వచ్చి మెషిన్‌గన్‌లతో కాల్చారు. ఆయన నేలకు కరుచుకుని బతికాడు. దారిన పోయే ఒకావిడ కంటికి దెబ్బ తగిలితే ఆ వైద్యం ఖర్చు తానే పెట్టుకున్నాడట. చేతికి డబ్బు తడి ఉన్న మనిషి, అందులో అనుమానం లేదు.

ఇక జమ వైపు చూడు.

కపోన్ 1899 జనవరి 17న న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో పుట్టాడు. తండ్రి ఇటలీలో నేపుల్స్ దగ్గరి నుంచి వలస వచ్చిన మంగలి. ఇంట్లో తొమ్మిదిమంది పిల్లలు. పద్నాలుగేళ్లప్పుడు పంతులమ్మను కొట్టి బడి మానేశాడు. ఒక బార్‌లో పనిచేస్తూ ఎవరి చెల్లెలినో ఏదో అని, ఆ అన్న చేత చెంప మీద కత్తి గాట్లు తిన్నాడు. పత్రికలవాళ్లు పెట్టిన 'స్కార్‌ఫేస్' పేరు అందుకే వచ్చింది. ఆ పేరంటే ఆయనకు ఒళ్లు మంట. యుద్ధంలో తగిలిన గాయాలని చెప్పుకునేవాడు. ఆయన ఏ యుద్ధానికీ పోలేదు.

అమెరికా అంతటా మద్యనిషేధం అమల్లోకి వచ్చింది 1920 జనవరి 17న. సరిగ్గా ఆయనకు ఇరవయ్యొక్కేళ్లు నిండిన రోజు. పుట్టినరోజు కానుకంటే అదీ! షికాగోలో జానీ టోరియో అనే పెద్దమనిషి కింద చేరాడు. 1925 జనవరిలో టోరియోకు తూటాలు తగిలాయి. ఆయన చావు తప్పించుకుని, దుకాణం మొత్తం ఈ కుర్రాడి చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఇరవై ఆరేళ్లకు షికాగో బీరు, జూదం, వేశ్యాగృహాలు, అన్నిటికీ ఈయనే యజమాని.

జనం ఆయన్ని ఎందుకు ఇష్టపడ్డారో అర్థం కావాలంటే మన 1995 గుర్తు తెచ్చుకోవాలి. నువ్వప్పటికి పుట్టలేదులే. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరులో సారా బందయింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. ఆ రెండేళ్లూ మా ఆదోని పక్కనే కర్ణాటక. అక్కడ సారా ప్యాకెట్లు కూడా చట్టబద్ధంగానే దొరికేవి. సిరుగుప్ప దారిన రాత్రిపూట ఏం వచ్చేదో ఎవరికీ చెప్పనక్కర్లేదు. మరి తెచ్చినవాణ్ణి దొంగ అని అన్నామా? 'మనోడు' అన్నాం. చట్టం వద్దన్నదాన్ని జనం కావాలనుకున్నప్పుడు, తెచ్చిచ్చేవాడికి మర్యాద దానంతట అదే వస్తుంది. కపోన్‌ది కూడా అదే కథ, కాకపోతే వెయ్యి రెట్లు.

అయితే ఆ బీరు కొన్న బార్ ఓనరును అడిగి చూడాలి. వాడికి ఎవరి దగ్గర కొనాలనే ఛాయిస్ లేదు. వద్దంటే దుకాణంలో బాంబు పడేది. బాంబులకు అక్కడ ముద్దుపేరు 'పైనాపిల్'. 1928 ఏప్రిల్‌లో షికాగోలో జరిగిన ఒక ఎన్నికకు 'పైనాపిల్ ప్రైమరీ' అనే పేరే నిలిచిపోయింది. అంతకు నాలుగేళ్ల ముందు సిసెరో మున్సిపల్ ఎన్నికలో ముఠా మనుషులు తుపాకులతో బూత్‌ల దగ్గర నిలబడ్డారు. ఆ రోజే కపోన్ అన్న ఫ్రాంక్ పోలీసు కాల్పుల్లో చచ్చిపోయాడు. మన సీమలో పుట్టినవాడికి ఇందులో విడమరిచి చెప్పాల్సిందేముంది?

ఇంక 1929 ఫిబ్రవరి 14. నార్త్ క్లార్క్ స్ట్రీట్‌లో ఒక గ్యారేజీలోకి పోలీసు బట్టలు వేసుకున్నవాళ్లు వచ్చి ఏడుగురిని గోడకేసి నిలబెట్టి కాల్చారు. చచ్చినవాళ్లలో ఎక్కువమంది కపోన్ పగవాడి ముఠావాళ్లే. ఆ వేళకు కపోన్ ఫ్లోరిడాలో ఉన్నాడు. ఎవరికీ శిక్ష పడలేదు. గంజికేంద్రం వచ్చింది దీని తర్వాత ఏడాది తొమ్మిది నెలలకు. తేదీలు పక్కపక్కన రాసి చూసుకో. అప్పటికి షికాగో క్రైమ్ కమిషన్ ఆయన్ని 'మొదటి నంబరు ప్రజాశత్రువు' అని పేరుపెట్టి ప్రకటించింది, ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు వెనకాల పడ్డారు. పేరు బాగుచేసుకోవాల్సిన అవసరం అంతగా ఎప్పుడూ పడలేదు. గంజిలోకి సరుకు కూడా ఊళ్లో దుకాణాల దగ్గర గట్టిగా అడిగి తెచ్చిందే ఎక్కువని అప్పట్లోనే చెప్పుకున్నారు.

గోడ మీద ఫొటో పీకెయ్యమని నేను చెప్పను. పక్కన ఆ గ్యారేజీ ఫొటో కూడా అంటించమని మీ వాడికి చెప్పు.

సార్, నేను జీఎస్టీ రిటర్నులు ఫైల్ చేసే ఆఫీసులో పనిచేస్తాను. హత్యలకు దొరకనివాడు పన్నుకు ఎలా దొరికాడు? 'గుమాస్తా చేతిరాత' అన్నారు. వివరంగా రాయండి.
– అనంతపురం నుంచి ఒక పాఠకుడు

ఇదిగో, ఇలాంటి ప్రశ్న కోసమే నేను ఈ శీర్షిక రాసేది.

మొదటి చిక్కు: దొంగ సొమ్ము మీద పన్ను ఉంటుందా? ఉంటుందని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. సల్లివాన్ అనే దొంగ మద్యం వ్యాపారి కేసు అది. 'నా ఆదాయం రాసిస్తే నేరం ఒప్పుకున్నట్టవుతుంది, కాబట్టి రిటర్ను వెయ్యను' అని వాదించాడు. కుదరదన్నారు. అక్కడ తలుపు తెరుచుకుంది.

రెండో చిక్కు: కపోన్ పేరు మీద ఏముంది? ఏమీ లేదు. బ్యాంకు ఖాతా లేదు. ప్రెయిరీ అవెన్యూలో ఇల్లు తల్లి పేరు, భార్య పేరు మీద. చెక్కు మీద సంతకం ఉండదు. అంతా రొక్కం. బినామీ అనే మాట వాళ్లకు తెలియదేమోగానీ విద్య బాగా తెలుసు.

ట్రెజరీ శాఖలో ఫ్రాంక్ విల్సన్ అని ఒక ఉద్యోగి. మీరూ నేనూ చేసేలాంటి పనే. తుపాకులు పేల్చిన హీరో కథలు వేరేవాళ్లవి. ఈయన చేసింది కూర్చుని కాగితాలు చదవడం. 1926లో సిసెరోలో ఒక అసిస్టెంట్ ప్రాసిక్యూటర్‌ను కాల్చి చంపినప్పుడు, పోలీసులు కోపం మీద జూదం అడ్డాల మీద పడి దొరికిన పుస్తకాలన్నీ ఎత్తుకొచ్చారు. తెచ్చి కట్టగట్టి పడేశారు. నాలుగేళ్లు ఎవరూ విప్పలేదు. (ఏ ఆఫీసులోనైనా అంతే కదా!) 1930లో ఒక రాత్రి విల్సన్ ఏదో బీరువాలో వెతుకుతుంటే ఆ కట్ట చేతికి తగిలింది. విప్పితే జూదం ఆట ఆటకీ గడులు, రోజువారీ ఆదాయం, చివర పంపకాలు. పంపకాల దగ్గర పూర్తి పేర్లకు బదులు పొడి అక్షరాలు, ముద్దుపేర్లు.

నేను ఆ ఘట్టం మొదటిసారి చదివినప్పుడు లేచి నిలబడ్డాను. పక్కా పుస్తకం పన్నువాళ్లకు, కచ్చా చిట్టా ఓనరుకు. ఈ రెండూ వేరని మార్కెట్ యార్డులో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. ఓనరు ఎవర్ని మోసం చేసినా తన కచ్చా చిట్టాలో అబద్ధం రాయనివ్వడు. రాస్తే పార్టనర్లు నమ్మరు. అందుకే అది దొరికితే ఇంక సాక్షి అక్కర్లేదు, అది రాసినవాడు దొరికితే చాలు.

విల్సన్ చేసింది అదే. ఆ రాతను పట్టుకుని షికాగోలో ఎన్నో సంతకాలతో, బ్యాంకు స్లిప్పులతో పోల్చుకుంటూ పోయారు. ఒక డిపాజిట్ స్లిప్పు మీద రాత కలిసింది. లెస్లీ షమ్‌వే అనే క్యాషియరు. అప్పటికి మయామీలో కుక్కల పందేల దగ్గర పనిచేసుకుంటున్నాడు. వాణ్ణి తెచ్చి రహస్యంగా దాచారు. ఇంకో క్యాషియరు ఫ్రెడ్ రీస్ కూడా చెప్పాడు. చివరికి కపోన్ లాయరు కూడా చేతులారా సాయం చేశాడు. రాజీ కోసమని 1930లో ఒక ఉత్తరం రాస్తూ, 1926లో ఆదాయం 26,000 డాలర్లకు మించదని, 1927లో 40,000కు మించదని, ఆ తర్వాత రెండేళ్లు ఏడాదికి లక్షకు మించదని రాసిచ్చాడు. 'మించదు' అన్నాడే గానీ 'లేదు' అనలేదు కదా! ఆదాయం ఉందని కాగితం మీద పడింది. మా ఓనరు ఒక మాట అనేవాడు, నోటీసుకు జవాబు రాసేటప్పుడు చెయ్యి కట్టేసుకుని రాయాలని.

కోర్టులో ఆదాయంతోపాటు ఖర్చు కూడా చూపించారు. సూట్లు కుట్టిన దుకాణంవాళ్లు, ఫర్నిచర్ అమ్మినవాళ్లు, వజ్రాలు పొదిగిన బెల్టు బకిళ్లు అమ్మినవాళ్లు వరసగా బోనెక్కారు. అప్పుడు అర్థమవుతుంది, పది మందికి కానుకలిచ్చిన ప్రతి రసీదూ ఆయన మెడకే చుట్టుకుందని.

ముందు నేరం ఒప్పుకుంటే రెండున్నరేళ్లతో పోతుందని లోపాయికారీ మాట ఉండింది. జడ్జి విల్కర్‌సన్ 'కోర్టుతో బేరాలు లేవు' అనేశాడు. జ్యూరీ, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టే మామూలు జనం, వాళ్ల జాబితా కపోన్ మనుషుల చేతికి ముందే చేరిందని తెలిసి, విచారణ మొదలయ్యే రోజు పక్క కోర్టుహాలు జ్యూరీని ఇక్కడికి, ఇక్కడివాళ్లను అక్కడికి మార్చేశాడు. ఆ మార్పు చూసి బోనులో ఉన్నాయన మొహం ఎలా మారి ఉంటుందో ఊహించుకోండి. 1931 అక్టోబరు 17న ఐదు అభియోగాల్లో దోషి అన్నారు. వారం తర్వాత శిక్ష: పదకొండేళ్ల జైలు, 50,000 డాలర్ల జరిమానా, ఆపైన పన్ను బకాయిలు, కోర్టు ఖర్చులు.

మీ ఆఫీసులో పాత పెట్టెల్లో ఏముందో ఒకసారి చూసుకోండి మరి.

తాతగారూ, మా ఆయన మట్కా ఆడతాడు. 'మట్కా కంపెనీవాళ్లు మాటంటే మాట, గవర్నమెంటు మోసం చేస్తుందేమో గానీ వాళ్లు చేయరు' అంటాడు. నిజంగా అంత నిజాయితీపరులా?
– టైలరింగ్ చేసుకునే సోదరి, గుంతకల్లు

ఈ మట్కాకూ మా పత్తికీ చుట్టరికం ఉందమ్మా, అది ముందు చెప్పనివ్వు. మొదట్లో బొంబాయిలో పందెం కాసింది పత్తి ధర మీదే. న్యూయార్క్ కాటన్ ఎక్స్ఛేంజీలో పత్తి ఎంతకు మొదలైంది, ఎంతకు ముగిసింది అని బొంబాయికి టెలిప్రింటర్‌లో వచ్చేది. ఆ అంకెల మీద పందెం. ఇప్పటికీ మీ ఆయన అనే 'ఓపెన్', 'క్లోజ్' అక్కడివే. 1961లో ఆ అంకెలు రావడం ఆగిపోయింది. ఆడేవాళ్లు ఆగుతారా? 1962లో కళ్యాణ్‌జీ భగత్, 1964లో రతన్ ఖత్రీ తమ సొంత అంకెలు తీయడం మొదలుపెట్టారు. కుండలోంచి చీటీలు తీసేవారు గనక మట్కా. తర్వాత పేకముక్కలు వచ్చాయి.

ఖత్రీని జనం బాగా నమ్మారు. ముక్కలు నలుగురి ఎదుటా తీసేవాడని, తగిలితే డబ్బు ఆపడని పేరు. ఆయన 2020లో పోయాడు. ఆ నమ్మకం అబద్ధం కాదు. అయితే నిజాయితీగా ఉండడం ఆయనకు ఎందుకు కష్టం కాలేదో లెక్క చూడు. సున్నా నుంచి తొమ్మిది దాకా పది అంకెలు. నీకు తగిలే అవకాశం పదిలో ఒకటి. తగిలితే ఇచ్చేది సాధారణంగా తొమ్మిదింతలు. పదిమంది తలా పది రూపాయలు పదింటి మీదా కాస్తే కంపెనీకి వంద వచ్చె, తొంభై పోయె. రెండంకెల జోడీ అయితే వందలో ఒక అవకాశం, ఇచ్చేది తొంభై దగ్గర. మోసం చేయాల్సిన పనేముంది తల్లీ? చీటీ రాసే బీటరు మీ వీధిలోనే ఉంటాడు, అప్పు కూడా పెడతాడు, పండక్కి పలకరిస్తాడు.

మీ ఆయన్ని ఒక నెల రోజులు ఆడినదీ వచ్చినదీ రాయమను. నోటుపుస్తకం నువ్వే కొనిపెట్టు. చెప్పడం కన్నా అది నయం. తిట్టొద్దు, రాసిందాన్ని నెలాఖరుకు కూడమని చెప్పు చాలు.

కపోన్ చివరికి ఏమయ్యాడు? జైల్లోంచే ముఠా నడిపాడంటారు.
– పత్తికొండ నుంచి

మొదట అట్లాంటా జైలు, 1934 ఆగస్టు నుంచి సముద్రం మధ్యలోని ఆల్కట్రాజ్. అక్కడ ముఠా నడపడం కాదు కదా, పలుకుబడే సాగలేదు. ఎప్పుడో కుర్రతనంలో అంటిన సిఫిలిస్ జబ్బు మెదడుకెక్కింది. 1939 నవంబరులో వదిలేసేనాటికి మనిషి మనిషిలా లేడు. 1947 జనవరి 25న ఫ్లోరిడా ఇంట్లో పోయాడు. నలభై ఎనిమిదేళ్లు. మద్యనిషేధం 1933 డిసెంబరులోనే పోయింది, ఆయన మద్యం వ్యాపారం అప్పుడే చట్టబద్ధమైంది, ఆయన లేకుండా.

మన దక్షిణాదివాళ్లలో అలాంటివాళ్లు లేరా?
– ఆలూరు నుంచి ఒక మేస్త్రీ

ఎందుకు లేరు? వరదరాజన్ ముదలియార్. తూత్తుకుడివాడు. బొంబాయి వీటీ స్టేషన్‌లో కూలీగా మూటలు మోశాడు. బొంబాయి రాష్ట్రంలో 1949 మద్యనిషేధ చట్టం వచ్చింది, ధారావిలో నాటుసారా బట్టీలు లేచాయి. చూశారుగా, మళ్లీ అదే దారి. భాష రాని ఊళ్లో పనికోసం వచ్చిన తమిళులకు గుడిసె కావాలన్నా, తగాదా తీరాలన్నా ఈయన దగ్గరికే పోయేవారు. మాటుంగాలో ఆయన వేయించే వినాయకుడి పందిరికి బొంబాయి అంతా వచ్చేది. 1980లలో పోలీసు అధికారి వై.సి. పవార్ వెంటపడి అడ్డాలు మూయించాక మద్రాసు చేరుకుని, 1988 జనవరిలో పోయాడు. మా ఆదోని నుంచి బొంబాయి మిల్లులకు పోయినవాళ్లు మాటుంగా పందిరి గురించి కళ్లు పెద్దవి చేసి చెప్పేవారు. సారా బట్టీ పక్క గుడిసెల్లో ఉన్నవాళ్లు చెప్పిన కథలు మాత్రం నాదాకా రాలేదు.

తాతగారూ, మా పాపకు గుండె ఆపరేషన్ అయినప్పుడు మా పేటలో ఒకాయన నలభై వేలు ఇచ్చాడు. తిరిగి అడగలేదు. ఆయన చేసే పనులేంటో మాకు తెలుసు. పోయిన నెల ఆయన్ని అరెస్టు చేస్తే మా ఇంట్లో అందరం ఏడ్చాం. మా తమ్ముడు 'సిగ్గులేదా' అంటున్నాడు. నేను చేసింది తప్పా?
– పేరు రాయవద్దన్న ఒక తల్లి, కర్నూలు

తప్పు కాదమ్మా. బిడ్డ బతికింది, ఏడుపొచ్చింది, ఏడ్చావు. మీ తమ్ముడు ఆ రోజు నలభై వేలు తెచ్చి ఉంటే మాట్లాడే హక్కు ఉండేది. తేలేదని కోపం కాదు, ఎవరి దగ్గరుంటాయి అంత డబ్బు?

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా. ఆయన తరఫున 'ఆ రోజు మా ఇంట్లోనే ఉన్నాడు' అని స్టేషన్‌లోనో కోర్టులోనో చెప్పమని ఎవరైనా వస్తే చెప్పొద్దు. కావాలంటే భోజనం క్యారియరు పంపు. నెలకింత అని దాచి ఆ నలభై వేలు వాళ్ల ఆవిడ చేతికివ్వు. అబద్ధపు సాక్ష్యం మాత్రం ఆపరేషన్ బిల్లులో లేదు.

ఇక నా సంగతి చెప్తాను. ఇన్నేళ్లుగా ఈ శీర్షికలో రాయలేదు.

1995 ఫిబ్రవరి. మద్యనిషేధం వచ్చి నెల. మా పేటలో ఒకాయనకు రెండు లారీలుండేవి. అందరూ అన్నా అనేవారు, నేనూ అన్నా అనే పిలిచేవాణ్ణి, నాకంటే చిన్నవాడైనా. దుకాణం కట్టేశాక రాత్రిపూట గంటసేపు వచ్చి తన కచ్చా చిట్టా రాయమన్నాడు. నెలకు ఆరొందలు. మా పెద్దమ్మాయి పెళ్లి దగ్గరపడింది. రాశాను. ఎనిమిది నెలలు రాశాను.

ఆ పుస్తకంలో సారా అనే మాట లేదు. 'పత్తిగింజలు 40 బస్తాలు' అని ఉండేది. దారిలో ఇచ్చుకోవాల్సిన మామూళ్లకు 'గుడి ఖర్చు' అని ఆయనే పేరు పెట్టాడు. ఇంకో పేజీ ఉండేది: మందులు, చదివింపులు, చావు ఖర్చులు, బడి ఫీజులు. హమాలీల ఇళ్లకు, ముసలివాళ్లకు. ఆ పేజీ రాయడమంటే నాకు ఇష్టంగా ఉండేది. మిగతా పేజీలు తొందరగా గీకేసి దాన్ని మాత్రం కుదురుగా, గుండ్రంగా రాసేవాణ్ణి. అలా రాస్తుంటే నేనే ఇస్తున్నట్టుండేది.

ఏప్రిల్‌లో సిరుగుప్ప దారిలో ఒక లారీ దొరికింది. డ్రైవరు కుర్రాడు, పాతికేళ్లుంటాయేమో. సరుకు తనదేనని చెప్పాడు. చెప్పమన్నది ఎవరో అందరికీ తెలుసు. లోపలికి పోయాడు. మే నుంచి 'డ్రైవరు ఇంటికి 400' అని నెలనెలా రాశాను. మూడు నెలలు. ఆగస్టులో అన్న పుస్తకం చూస్తూ, 'ఆ పద్దు ఇంక వద్దులే, రేట్లు పడిపోయినాయి' అన్నాడు. సరేనన్నాను.

ఆ నెలాఖరునే వినాయక చవితి. హైదరాబాద్‌లో ఎన్టీఆర్ పదవి ఊగుతున్న రోజులు. పందిట్లో జనమంతా వైస్రాయ్ హోటల్ కబుర్లే చెప్పుకుంటున్నారు. మా పేట పందిరికి ఆ ఏడు లైట్లు ఎప్పుడూ లేనంతగా పెట్టించాడు అన్న. 'పందిరి లైట్లు 11,000' అని నేనే రాశాను. డ్రైవరు పద్దు కొట్టేసిన గీతకు నాలుగు వరసల కింద.

పండగయ్యాక ఆ డ్రైవరు భార్య పత్తి దుకాణానికి వచ్చింది. చంకలో పిల్ల. తూకాలు జరుగుతున్నాయి, దూది ఎగురుతోంది, ఆమె గుమ్మం దగ్గరే నిలబడి, 'అప్పా, పుస్తకంలో మా పేరుందా, కొట్టేసినారా?' అని అడిగింది. ఎవరు చెప్పారో ఆమెకు, రాసేది నేనని.

చూసి చెప్తానన్నాను. చూడాల్సిందేముంది, గీత గీసింది నా చెయ్యే. ఇంకో రెండుసార్లు వచ్చింది. రెండోసారి జేబులో ఉన్న యాభై ఇచ్చాను. మూడోసారి ఆమె వస్తుంటే చూసి గోడౌన్ వెనక్కి పోయాను. తర్వాత రాలేదు.

అక్టోబరులో కళ్లు కనపడటం లేదని అన్నకు చెప్పి మానేశాను. ఆయన ఏమీ అనలేదు. మా అమ్మాయి పెళ్లికి వచ్చి వెయ్యి నూటపదహార్లు చదివించాడు. తీసుకున్నాను.

పుస్తకం ఇచ్చెయ్యమని ఆయన అడగలేదు, నేను ఇవ్వలేదు. ఇప్పుడు ఆయన లేడు. అది మా ఇంట్లో అటక మీద ట్రంకు పెట్టెలో ఉంది. మీ ఉత్తరం వచ్చాక దింపి చూశాను. ఆ చదివింపుల పేజీలో అక్షరాలు ఇప్పటికీ ఎంత ముద్దుగా ఉన్నాయో. మా దుకాణం పాత తక్‌పట్టీ, అదే నేను రాసిన తూకం చీటీ, ఒకటి తెచ్చి పక్కన పెడితే, విల్సన్ అక్కర్లేదు, ఎవరైనా చెప్పేస్తారు ఇది ఎవరి రాతో.